చెయ్యి అరిగిపోయే పనులకు నష్టపరిహారం: గోదావరి డెల్టా కార్మికులకు సమగ్ర మార్గదర్శి

భీమవరం పక్క ఊరి నుంచి ఒకావిడ రోజూ తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి రొయ్యల ప్లాంటుకు వచ్చేది. పొట్టు తీసే పని. నేనప్పుడు అదే ప్లాంటు టైమ్ ఆఫీసులో హాజరు రాసేదాన్ని. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఎనిమిది నెలల పాటు రాత్రుళ్ళు కుడిచెయ్యి తిమ్మిరెక్కి లేచి కూర్చునేదట. సూపర్‌వైజరుకు చెబితే బామ్ సీసా ఇచ్చి పంపాడు. ఆఖరికి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టు నిలవక పని మానేసింది. ఏడాది తర్వాత పరిహారం అడగడానికి వెళ్ళినప్పుడు ఆమె దగ్గర ఉన్నది నలిగిపోయిన గేటు పాసు ఒక్కటే. డాక్టరు చీటీల్లో ఆమె ఏం పని చేస్తుందో ఎక్కడా లేదు. నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరూ రాయలేదు. "మా పని వల్లే వచ్చిందని రుజువేంటండీ?" అని కంపెనీ తరఫు మనిషి అడిగితే, ఆమె తన చెయ్యి చాపి చూపించింది. ఆ చెయ్యి సరిపోలేదు.

ఆ తర్వాత టైమ్ ఆఫీసు పని వదిలేసి, ఊళ్ళోవాళ్ళకు అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాను. వచ్చేవాళ్ళలో చాలామందిది ఇదే కథ. పీలింగ్ షెడ్డు మహిళలు, కోనసీమలో పీచు తాడు పేనేవాళ్ళు, రైసుమిల్లు హమాలీలు, కడియం నర్సరీల్లో రోజంతా అంట్లు కట్టేవాళ్ళు, జీడిపప్పు కొట్టేవాళ్ళు, నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళు. ఒకే కదలిక రోజుకు వేలసార్లు, ఏళ్ళ తరబడి. అలాంటి పనిలో చెయ్యో, భుజమో, నడుమో పాడైతే ఏం చేయాలో మొదటి రోజు నుంచి చివరి వాయిదా దాకా వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక చేదు నిజం

పనిలో గాయపడినవాళ్ళకు పరిహారం ఇచ్చే చట్టం మన దేశంలో 1923 నుంచి ఉంది. మొదట్లో దాన్ని వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం అనేవారు. 2009 సవరణ తర్వాత ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అయింది. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాక ఈ చట్టమూ, 1948 నాటి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) చట్టమూ సామాజిక భద్రత కోడ్ కిందికి వెళ్ళాయి. అర్జీ మీద ఏ సెక్షన్ రాయాలనేది మీకు నష్టం జరిగిన తేదీని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క సంగతి దాఖలు చేసే రోజు ఆఫీసులో అడిగి రాయించుకోండి. కింద చెప్పే సూత్రాలు 1923 చట్టంలో స్థిరపడినవి.

చట్టం రెండు రకాల నష్టాలను గుర్తిస్తుంది. ఒకటి ప్రమాదం, అంటే పనిలో ఉండగా, పని కారణంగా, అనుకోకుండా జరిగిన గాయం. రెండోది వృత్తి వ్యాధి. వృత్తి వ్యాధులకు మూడో షెడ్యూలు అని ఒక జాబితా ఉంది. సీసం విషం, సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, శబ్దం వల్ల వచ్చే చెవుడు, పనివల్ల వచ్చే ఆస్తమా, ఇలాంటివి అందులో ఉన్నాయి. జాబితాలో ఉన్న జబ్బు, ఆ జబ్బు తెచ్చే పనిలో తగినంత కాలం ఉన్న మనిషికి వస్తే, అది పని వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బరువు యజమానిది.

మణికట్టు నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్, బొటనవేలి మొదట్లో స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళ) వాపు, వేలు మడిస్తే తెరుచుకోకపోవడం, మోచేతి పోటు, ఇవేవీ ఆ జాబితాలో పేరు పెట్టి లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన తన వృత్తి వ్యాధుల జాబితాలో కార్పల్ టన్నెల్‌ను, పదేపదే చేసే కదలికల వల్ల వచ్చే మణికట్టు, మోచేతి జబ్బులను స్పష్టంగా చేర్చింది. మన జాబితా అంతవరకు రాలేదు. జాబితాలో లేని జబ్బు విషయంలో చట్టం అడిగేది ఇది: ఆ జబ్బు పనిలో జరిగిన ఫలానా ప్రమాద గాయం నుంచి నేరుగా వచ్చిందని కార్మికుడే చూపించాలి.

ఇది తెలిసి నిరుత్సాహపడి ఇంట్లో కూర్చోవద్దు. చెయ్యగలిగింది చాలా ఉంది. కాకపోతే పక్కవాడికి వేలు తెగితే జరిగినంత తేలిగ్గా మీకు జరగదు, కాగితాలు మీరే పోగు చేసుకోవాలి. అందుకే పనిలో ఉండగానే మొదలుపెట్టాలని ఇంత గట్టిగా చెబుతున్నాను. పని మానేశాక పోగయ్యే కాగితాలు చాలా తక్కువ.

మొదటి వారం: డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారి లేవడం, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గడం కార్పల్ టన్నెల్ లక్షణాలు. బొటనవేలి మొదట్లో నొప్పి, కత్తి పట్టుకుంటే పోటు వస్తే అది వేరే జబ్బు కావచ్చు. ఏదైనా సరే, బామ్ రాసుకుని నెలలు గడపకండి. ఈఎస్ఐ కార్డు ఉంటే ఈఎస్ఐ డిస్పెన్సరీకి, లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఎముకల డాక్టరు గానీ నరాల డాక్టరు గానీ చూడాలి. రాజమహేంద్రవరంలో ఈఎస్ఐ ఆసుపత్రి, కాకినాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి.

వెళ్ళాక నూటికి తొంభైమంది చేసే పొరపాటు ఒకటుంది. "ఏమ్మా, ఏంటి బాధ?" అంటే "చెయ్యి నొప్పండి" అని ఊరుకుంటారు. డాక్టరు "చెయ్యి నొప్పి" అని రాసి మాత్రలిస్తారు. ఆ చీటీ రెండేళ్ళ తర్వాత దేనికీ పనికిరాదు. మీరు చెప్పాల్సింది ఇలా: "నేను రొయ్యల ప్లాంటులో ఆరేళ్ళుగా పొట్టు తీస్తున్నానండి. ఐసు నీళ్ళల్లో రోజుకు తొమ్మిది గంటలు. ఫలానా నెల నుంచి కుడిచేతి మూడు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. సెలవు రోజుల్లో కాస్త తగ్గుతుంది, పనికెళితే మళ్ళీ వస్తుంది." ఈ మాటలు చీటీ మీద రాయమని మర్యాదగా అడగండి. చేసే పని కూడా రోగ చరిత్రలో భాగమే, డాక్టర్లు సాధారణంగా కాదనరు.

నరాల పనితీరు కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్ష చేయించమంటే తప్పకుండా చేయించుకోండి. నొప్పిని ఎవరూ చూడలేరు గానీ ఆ రిపోర్టులో అంకెలు కనిపిస్తాయి. దాంతోపాటు సుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోమని నేను అందరికీ చెబుతాను. ఈ రెండు జబ్బుల వల్ల కూడా కార్పల్ టన్నెల్ వస్తుంది. రేపు కంపెనీ వకీలు మొట్టమొదట పట్టుకునే పాయింటు అదే. పరీక్షలో సుగర్ లేదని తేలితే ఆ నోరు అప్పుడే మూతపడుతుంది. ఉందని తేలినా దాచకండి. పని వల్ల జబ్బు ముదిరిందా లేదా అనే ప్రశ్నకు డాక్టరు అభిప్రాయం రాయించుకోండి.

డాక్టరుకు మీ పని ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు. ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఇంట్లో పావుకిలో రొయ్యలు తెచ్చుకుని, మీరు తీసే తీరును ఒక్క నిమిషం వీడియో తీయించుకుని చూపించండి. ఒకావిడ అలా చూపిస్తే డాక్టరు గారు చీటీ మీద మణికట్టు వంపును, వేలి ఒత్తిడిని విడివిడిగా వర్ణించి రాశారు. ఎన్నో కేసుల్లో నేను చూసిన వైద్య కాగితాల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

చేతి లెక్క రాయండి

"చాలా పనండీ, చెయ్యి తీరికుండదు" అంటే అధికారికి ఏమీ అర్థం కాదు. లెక్క చెప్పాలి. మన డెల్టాలో ఆ లెక్క కట్టడం ఎవరికైనా వచ్చు, రొయ్యను కౌంట్‌తోనే కొంటాం, అమ్ముతాం కదా. 60 కౌంట్ అంటే కిలోకు 60 రొయ్యలు. మీరు ఆ రోజు 40 కిలోలు తీశారంటే 2,400 రొయ్యలు. ఒక్కో రొయ్యకు తల తుంచడం, పొట్టు వొలవడం, నరం లాగడం అని మూడు కదలికలు వేసుకుంటే 7,200. నెలకు 26 రోజులు పని ఉంటే లక్షా ఎనభై ఏడు వేలు. ఈ అంకె మొదటిసారి కాగితం మీద రాసి చూపించినప్పుడు, ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి కూడా తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

అందుకని ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎన్ని గంటలు, ఎన్ని కిలోలు, ఏ కౌంట్, ఆ రోజు చెయ్యి ఎలా ఉంది. ఒక్క లైను చాలు. చదువు రాకపోతే బడికెళ్ళే పిల్లలతో రాయించండి. ఏ రోజుది ఆ రోజే రాసిన పుస్తకానికి ఉండే నమ్మకం, కేసు వేసే ముందు ఒక్కసారే కూర్చుని రాసినదానికి ఉండదు. సిరా రంగు, చేతిరాత చూస్తేనే తెలిసిపోతుంది.

మిగతా పనులకూ ఇలాగే. హమాలీ అయితే రోజుకు ఎన్ని బస్తాలు, ఒక్కో బస్తా ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకు వేశారు. అంట్లు కట్టేవాళ్ళయితే రోజుకు ఎన్ని మొక్కలు. తాడు పేనేవాళ్ళయితే ఎన్ని చుట్టలు.

మీరు అక్కడ పనిచేశారని రుజువు

ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, సగం కేసులు ఇక్కడే ఆగిపోతాయి. మనుషుల్ని మేస్త్రి తెస్తాడు, జీతం మేస్త్రి ఇస్తాడు, కంపెనీ పుస్తకాల్లో మీ పేరే ఉండదు. చట్టంలో దీనికి జవాబుంది: కాంట్రాక్టరు ద్వారా తన వ్యాపారపు పని చేయించుకునే అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. తర్వాత ఆ సొమ్మును అతను కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు, అది వాళ్ళిద్దరి మధ్య లెక్క. రోజు కూలీ అన్న కారణంతో కూడా తోసిపుచ్చలేరు. 2000లో చేసిన సవరణతో తాత్కాలిక కూలీలను చట్టం నుంచి మినహాయించే మాట తీసేశారు.

గేటు పాసు, జీతం చీటీ, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం, పీఎఫ్ పాసుబుక్, ఈఎస్ఐ కార్డు, షిఫ్టు గురించి సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ మెసేజీలు, వాయిస్ మెసేజీలు, ట్రే టోకెన్లు. ఏవున్నా ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోనుకు కూడా పంపుకోండి. ఏమీ లేకపోతే పక్కన కూర్చుని పనిచేసిన ఇద్దరి సాక్ష్యం. వాళ్ళు ఇంకా అక్కడే పనిచేస్తుంటే భయపడతారు, అది వాళ్ళ తప్పు కాదు. పని మానేసినవాళ్ళను అడగండి.

నోటీసు ఇవ్వడం

నోటితో చెప్పినది చెప్పినట్టు కాదు. వీలైనంత త్వరగా యజమానికి రాతపూర్వకంగా తెలపాలని చట్టం అంటుంది. ఇంగ్లీషులో ఉండాలని ఎక్కడా లేదు. నేను రాసిపెట్టే తీరు ఇది:

"మేనేజర్ గారికి, నమస్కారం. నేను మీ ప్లాంటులో ఫలానా సంవత్సరం నుంచి పీలింగ్ విభాగంలో ఫలానా కాంట్రాక్టరు గారి కింద పనిచేస్తున్నాను. పొట్టు తీసే పని వల్ల ఫలానా తేదీ నుంచి నా కుడిచెయ్యి తిమ్మిరెక్కి నొప్పిగా ఉంది. ఫలానా తేదీన డాక్టరు గారికి చూపించుకోగా ఫలానా జబ్బు అని చెప్పారు. ఫలానా తేదీ నుంచి పనికి రాలేకపోతున్నాను. ఈ విషయం ప్రమాదాల పుస్తకంలో నమోదు చేసి, నా వైద్య ఖర్చులు, పరిహారం ఇప్పించగలరు. డాక్టరు చీటీ నకలు జతపరిచాను."

కింద పేరు, టోకెన్ నంబరు, తేదీ, సంతకం. రెండు ప్రతులు రాసి, ఒకటిచ్చి రెండోదాని మీద అందినట్టు సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఒక ప్రతి కాంట్రాక్టరుకు కూడా పంపండి.

నోటీసు అందిన మూడు రోజుల్లోగా కంపెనీ తన ఖర్చుతో మిమ్మల్ని తన డాక్టరుకు చూపిస్తానంటే వెళ్ళాలి. కారణం లేకుండా వెళ్ళకపోతే, వెళ్ళేదాకా మీ హక్కు ఆగిపోతుంది. వెళ్ళండి, కానీ ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి.

ఇక్కడ ఒక మాట మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొందరు సలహాదారులు "జారి పడ్డానని రాయమ్మా, కేసు తేలికవుతుంది" అంటారు. వద్దు. అబద్ధం హాజరు పుస్తకంలోనో, మొదటి డాక్టరు చీటీలోనో బయటపడితే నిజమైన నొప్పి కూడా అబద్ధమైపోతుంది. కానీ నిజంగా జరిగిన సంఘటన ఏదైనా ఉందేమో బాగా గుర్తు చేసుకోండి. ఫలానా రోజు ఐసు క్రేటు ఎత్తుతుంటే మణికట్టు కలుక్కుమందా? బస్తా భుజానికెత్తుకుంటుంటే నడుం పట్టేసి కింద కూర్చుండిపోయారా? పని చేస్తూ అనుకోకుండా కండరమో, నరమో దెబ్బతింటే అది ప్రమాదమే, పై నుంచి ఏదో మీద పడాలని లేదు. నెలల తరబడి నలుగుతున్న చెయ్యి ఒకానొక రోజు పూర్తిగా పట్టు వదిలేసి ఉంటే, ఆ రోజు, ఆ గంట, పక్కన ఎవరున్నారు అన్నవి మీ కేసుకు ప్రాణం. జాబితాలో లేని జబ్బుకు చట్టం తెరిచి ఉంచిన తలుపు అదొక్కటే.

ఈఎస్ఐ ఉందా, లేదా?

జీతం చీటీ చూడండి. జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోస్తుంటే మీరు బీమా ఉన్నవారు. యజమాని 3.25 శాతం కడతాడు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ఈఎస్ఐ ఉన్నవాళ్ళు అదే గాయానికి యజమాని మీద విడిగా పరిహారం కేసు వేయడానికి లేదు, అడగాల్సింది ఈఎస్ఐనే. ఇది తెలియక లేబర్ ఆఫీసులో కేసు వేసి, రెండేళ్ళు తిరిగి, ఉత్త చేతులతో వచ్చినవాళ్ళున్నారు.

ఈఎస్ఐలోనూ అదే చిక్కు ఉంది. చెయ్యి జబ్బును "ఉద్యోగ గాయం" అని ఒప్పుకుంటే రోజు సగటు వేతనంలో 90 శాతం, నయమయ్యేదాకా ఇస్తారు. శాశ్వతంగా సంపాదన శక్తి తగ్గిందని మెడికల్ బోర్డు తేలిస్తే నెలనెలా పింఛను లాగా వస్తుంది. ప్రమాద సంఘటన ఉన్నవాళ్ళు కంపెనీ చేత ప్రమాద నివేదిక పంపించేదాకా వదలకూడదు. పంపకపోతే మీరే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి.

సంఘటన ఏదీ లేక, మెల్లగా అరిగిన చెయ్యి అయితే, ఉద్యోగ గాయం తేలేదాకా ఆకలితో ఉండక్కర్లేదు. అనారోగ్య ప్రయోజనం అని ఒకటుంది, అది పని వల్ల వచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. డిస్పెన్సరీ డాక్టరు విశ్రాంతి రాస్తే సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. రోజుకు సగటున 400 వస్తున్న మనిషికి 280. షరతు ఏంటంటే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పడిన చందా మరుసటి జనవరి నుంచి జూన్ దాకా అక్కరకొస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా పడినది జులై నుంచి డిసెంబరు దాకా. సాధారణంగా మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. చాలామంది మహిళలు ఈ 91 రోజుల సంగతి తెలియక, సెలవు పెడితే కూలి పోతుందని నొప్పితోనే పనికెళ్ళి చెయ్యిని పూర్తిగా పోగొట్టుకున్నారు. ఇది చదివినవాళ్ళు కనీసం ఇద్దరికి చెప్పండి.

ఇంకొకటి. ఈ ప్రయోజనం తీసుకుంటున్న రోజుల్లో మిమ్మల్ని పనిలోంచి తీసేయడానికి 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఒప్పుకునేది కాదు. "రేపటి నుంచి రావద్దు" అని మేస్త్రి అంటే ఆ తేదీ, ఆ మాట నోటు పుస్తకంలో రాసుకోండి.

ఈఎస్ఐ లేనివాళ్ళు: పరిహారం అర్జీ

చిన్న షెడ్లు, కొన్ని సీజను ఫ్యాక్టరీలు, పదిమంది లోపు ఉన్న కొట్లు ఈఎస్ఐ బయట ఉంటాయి. అక్కడి వాళ్ళు జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి, పరిహారం కేసులు వినే అధికారి ఎవరో అడగాలి. మన వైపు సాధారణంగా డిప్యూటీ కమిషనర్ లేదా అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ వింటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక భీమవరం పశ్చిమగోదావరికి, అమలాపురం కోనసీమకు కేంద్రాలయ్యాయి. మీ మండలం ఏ ఆఫీసు కిందికి వస్తుందో ముందే కనుక్కుంటే ఒక బస్సు చార్జీ మిగులుతుంది.

గడువు రెండేళ్ళు. ప్రమాదమైతే ప్రమాదం జరిగిన రోజు నుంచి. వృత్తి వ్యాధి అయితే, ఆ జబ్బు వల్ల వరసగా పని మానేసిన మొదటి రోజును ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తారు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే అధికారం అధికారికి ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

డబ్బు ఎంత వస్తుంది? కొంతకాలం పనికి వెళ్ళలేకపోతే నెల జీతంలో 25 శాతం చొప్పున ప్రతి అర్ధనెలకు ఇవ్వాలి, గరిష్ఠంగా అయిదేళ్ళు. మొదటి మూడు రోజులకు రాదు, కానీ 28 రోజులో, ఆ పైనో పనికి వెళ్ళలేకపోతే మొదటి రోజు నుంచే లెక్క. 2009 సవరణ తర్వాత చికిత్సకు నిజంగా అయిన ఖర్చు కూడా యజమానే భరించాలి, కాబట్టి మందుల బిల్లు ఒక్కటి కూడా పారేయకండి.

శాశ్వతంగా చెయ్యి దెబ్బతింటే లెక్క వేరు. నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో గుణించి, అందులో సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. ఉదాహరణకు 40 ఏళ్ళ మనిషి, నెలకు 12,000 సంపాదన. 40 ఏళ్ళకు గుణకం 184.17. 12,000లో 60 శాతం 7,200. దాన్ని 184.17తో గుణిస్తే 13,26,024. సంపాదన శక్తి 15 శాతం పోయిందంటే 1,98,903 రూపాయలు. 40 శాతం పోయిందంటే 5,30,409.

మరి 15 శాతమా, 40 శాతమా? అసలు పోరాటమంతా ఇక్కడే. మీ చెయ్యికి వచ్చిన గాయం చట్టంలోని గాయాల పట్టికలో లేనప్పుడు ఈ శాతాన్ని అర్హత ఉన్న డాక్టరు తేల్చాలి. వికలాంగుల సర్టిఫికెట్టు మీద ఉండే శాతం, ఈ శాతం ఒకటి కాదు. అది ఒంట్లో ఎంత పోయిందో చెబుతుంది. ఇది మీ పనిలో సంపాదన ఎంత పోయిందో చెప్పాలి. 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో ఈ తేడాను తేల్చింది. ఆయన ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది. వడ్రంగం ఒక చేత్తో చేసే పని కాదు కాబట్టి ఆయన పూర్తిగా పనికి అనర్హుడయ్యాడని, నూటికి నూరు శాతం నష్టమేనని కోర్టు చెప్పింది. మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, "ఈమె మళ్ళీ ఈ పని చేయగలదా? చేయలేకపోతే వేరే ఏ పని చేయగలదు?" అన్న ప్రశ్నలకు జవాబు రాయమని అడగండి. చదువు లేని, ముప్పై ఏళ్ళుగా చేతి వేళ్ళతోనే బతికిన మనిషికి వేరే పని ఎక్కడ దొరుకుతుందో అధికారికి కూడా అది చదివితేనే అర్థమవుతుంది.

అర్జీకి వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు. మహిళలైతే ఆదాయం ఎంతని కూడా అడగరు. 15100కు ఫోన్ చేస్తే చాలు.

రాజీకి పిలిస్తే

కేసు వేసిన తర్వాత ఒక సాయంత్రం ఎవరో ఊరి పెద్దమనిషితో కలిసి ఇంటికొస్తారు. "ఎందుకమ్మా తిరుగుడు, ఇదిగో ఇరవై వేలు, ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. పెట్టకండి. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం చెల్లదు. పైగా 1923 చట్టంలోనే ఒక మంచి నియమం ఉంది: మహిళలకు ఒకేసారి ఏకమొత్తంగా ఇచ్చే పరిహారాన్ని అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి, నేరుగా చేతికిస్తే ఇచ్చినట్టు లెక్క కాదు. రాజీ ఇష్టమైతే అధికారి ముందే చేసుకుని, అక్కడే నమోదు చేయించండి. ఇవ్వాల్సి వచ్చిన రోజు నుంచి నెల రోజుల్లో ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యానికి పరిహారంలో సగం వరకు జరిమానా కూడా వేయవచ్చు. రాజీ మొత్తం మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిపి లెక్క చూసుకోండి.

ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళు

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ విషయం వచ్చేసరికి నాకు బాధేస్తుంది. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినది ఏజెంటు పట్టుకెళతాడు, ఎగుమతి చేసేదెవరో వీళ్ళకు తెలియదు. చట్టం ముందు యజమాని అని ఎవరిని నిలబెట్టాలి? ఈ కేసులు చాలా కష్టం, తేలికని చెప్పి ఆశ పెట్టలేను. అయినా ఏజెంటు చిట్టా పుస్తకం, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు దాచుకోండి. అసంఘటిత కార్మికుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోండి. ఏటా 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఈ జబ్బుకు రాదు, అది ప్రమాదాలకే. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వీలవుతుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

అందరూ కలిసి రాయాల్సిన అర్జీ

వృత్తి వ్యాధుల జాబితా రాతి మీద చెక్కింది కాదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి దానికి కొత్త జబ్బులు చేర్చగలదు. పీలింగ్ చేసేవాళ్ళ మణికట్టు జబ్బును చేర్చాలని కార్మిక శాఖకు అర్జీ పెట్టడానికి యూనియన్ ఉండాలని ఏమీ లేదు. ఒకే బస్సులో వెళ్ళే పదిహేనుమంది చాలు. అర్జీకి ఒక్కొక్కరి తరఫున ఒక్కో పేజీ జతచేయండి: వయసు, ఎన్నేళ్ళ పని, రోజుకు ఎన్ని కిలోలు, ఏ కౌంట్, ఏ వేళ్ళు, ఏ డాక్టరు ఏం రాశారు. మా ఊరి నుంచి అలాంటిదొకటి తయారవుతోంది. మొదటి పేజీ అక్కది.